తెప్ప ఎక్కిన సారక్క

కాళేశ్వరం
18-11-1967

తమ్మీ నర్సింగం,

మీ అక్క సారలమ్మ రాస్తున్నది. ముందుగాల ఇది చదువు, మిగతాది తర్వాత: నేను బతికే ఉన్న. నీళ్లల్ల పడలేదు. నన్ను ఎవ్వరు ఎత్కపోలేదు.

మన క్వార్టర్ల లైనోళ్లు బస్సు దిగి సారక్క కనపడ్తలేదని చెప్పేసరికి నీ పానం ఎట్ల కొట్టుకున్నదో నాకు తెలుసు. ఆళ్లకు చెప్తె పోనియ్యరని చెప్పలేదు. కాలనీల ఆడోళ్ల బడిల నేర్చుకున్న అక్షరాలు ఇయ్యాల అక్కరకొచ్చినయి. తప్పులుంటె సర్దుకొని చదువుకో.

మీ బావ సంవత్సరీకం మంచిగ జరిగింది. ఆయన తమ్ముని కొడుకు పిండం పెట్టిండు. తానం చేసి బట్టలు మార్చుకొని ఒడ్డెంబడి నడుస్తుంటె వెదురు తెప్ప కనపడ్డది. బొంగులు కట్టలు కట్టి, కట్టకు కట్ట పేని, మన క్వార్టర్ల లైనంత పొడుగు చేసిన్రు. దాని మీద ఒక గుడిసె. గుడిసె ముంగట పొయ్యి, పొయ్యి మీద బువ్వ ఉడుకుతున్నది. నేను నిలవడి చూస్తనే ఉన్న. వండేటామె పేరు మల్లక్క. నడుము పట్టుకొని వంగలేక వంగుతున్నది. ఇది ఏడికి పోతదని అడిగిన. రాజమండ్రికి అన్నది. అడవిల నరికిన వెదురు నీళ్ల మీదనే గంత దూరం పోతదట.

"నేను వండి పెడ్త, నన్ను తీస్కపోతరా?" అని అడిగిన. ఆ మాట నా నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో నాకే తెల్వది. మల్లక్క ముందు నవ్వింది. తర్వాత నా మొకం చూసి నవ్వుడు ఆపి, ఆమె పెనిమిటి మొగిలిని పిలిచింది. తెప్పకు ఆయననే పెద్ద. ముసలాయన, మాట తక్కువ. ఇంట్ల చెప్పినవా అని అడిగిండు. ఉత్తరం రాస్త అన్న. అయితె రాసి ఎక్కు అన్నడు.

గందుకే ఇది రాస్తున్న. నాకు ఉత్తరం రాస్తె భద్రాచలం పోస్టాఫీసుకు, తెప్పల మొగిలి పేరు మీద రాయి. రాజమండ్రి దాకా పోయి రైలెక్కి వస్త. మరదలు లస్మికి చెప్పు, మిరపకాయల సంచి మంచం కింద ఉన్నది, ఎండకు పెట్టుమని.

ఫికర్ చెయ్యకు.

మీ అక్క సారలమ్మ

—

గోదావరిఖని
22-11-1967

అక్కా,

నీ కాయిదం నిన్న చూసిన. అది వచ్చేసరికి నేను ఇంట్ల లేను. ఏడున్ననో ఎరుకనా? కాళేశ్వరంల. నేను, పక్కింటి పోశం డ్యూటీ ఇడిసిపెట్టి పోయినం. జాలరోళ్ల కాళ్లు మొక్కి వలలు ఏయించిన. వల పైకి గుంజినప్పుడల్ల నేను మొకం తిప్పుకున్న. ఆళ్లు నీళ్లల్లకు దిగి వెతుకుతుంటె నేను ఒడ్డు మీదనే ఉన్న, నా సంగతి నీకు తెలుసు. బాపు మునిగిన కాన్నుంచి మోకాలు లోతు నీళ్లల్ల గూడ నేను కాలు పెట్టలే. నీ పీనుగ కోసం గూడ పెట్టలేకపోయిన. ఏడ్చుకుంట ఇంటికొస్తె లస్మి ఈ ఉత్తరం చేతుల పెట్టింది. మిరపకాయలట.

నీకు యాభై ఏండ్లు దగ్గరవడ్డయి. బావ పోయి ఏడాదైంది. లైన్ల ఏమంటున్నరో రాస్తె నీకు కడుపు మండుతది, అయినా రాస్త. సారక్క మొగోళ్ల ఎంబడి తెప్ప ఎక్కిందంటున్నరు. బొగ్గుబాయిల షిఫ్టు దిగి దీపాలు అప్పజెప్పే అర్ర కాడ నిలవడ్తె నన్ను చూసి మాట ఆపుతున్నరు. మాట ఆపుడు తిట్టిన దానికన్న ఎక్కువ.

నేను నీకు ఏం తక్కువ చేసిన? ఏం చేసిన్నో చెప్పు. బాపు ఏ నీళ్లల్ల పోయిండో ఆ నీళ్ల మీదనే ఎక్కితివి. ఆ నీళ్లే ఎక్కితివంటె నా మీద నీకు ఎంత కోపం ఉన్నదో.

భద్రాచలంల దిగు. అక్కడ బస్సెక్కి కొత్తగూడెం వచ్చి రైలెక్కు. ఈ తాప చెప్పేది బతిమాలి చెప్తున్న.

నర్సింగం

—

ఏటూరునాగారం
25-11-1967

తమ్మీ,

నీ ఉత్తరం భద్రాచలం పోతె గని నాకు దొరకది. అయినా సామాన్లకు ఒడ్డుకు వచ్చినం గనుక నేను రాస్తున్న.

ఇంద్రావతి కలిసిన కింద ఏరు నిండ బండలే. అవి కనపడకముందే నీళ్ల చప్పుడు ఇనపడ్డది. మొగిలి మమ్ముల గుడిసెల బోర్ల పండుకొని తాడు పట్టుకొమ్మన్నడు. మల్లక్క పండుకున్నది. నేను తాడు పట్టుకున్న గని పండుకోలే. తెప్ప ముందటి తల కిందికి పోయింది. మొగిలి, ఇంకో ముగ్గురు గడెలు బండలకు ఆనించి నెడ్తున్నరు, ఒకాయన గడె ఇరిగి ఆయన పడవోయి నిల్సిండు. తెప్ప పాము లెక్క వంగి, మల్ల సక్కగైంది. నీళ్లు నా మీదికెల్లి పోయినయి. నోట్ల, ముక్కుల నీళ్లే. ఇగ పోయిన అనుకున్న. తర్వాత ఎవ్వరో పెద్దగ నవ్వుతున్నరు. ఎవరా అని చూస్తె నేనే.

తాడుకు నా అరచేతులు చీరుకపోయినయి, పసుపు పెట్టిన. ఇప్పుడు మంచిగున్నయి.

ఆ దినం కాన్నుంచి నాకు ఆకలి ఎక్కువైంది. కనపడ్డదల్ల ఏందని అడుగుతున్న. నీటికుక్కలు బండ మీద పొర్లాడుడు చూసినవా? మన ఇంటి కుక్కపిల్లల లెక్కనే. పెద్ద ముక్కున్న పిట్ట ఒకటి అడ్డంగ ఎగిరిపోతె, దాని రెక్కల చప్పుడు రైలింజను లెక్కనే ఉన్నది. "గింత పెద్దదానివి, చిన్నపోరి లెక్క అడుగుతవేంది?" అని మల్లక్క మొట్టికాయ ఏసింది. పొద్దున లేస్తె ఇయ్యాల ఏం కనపడ్తదో తెల్వది తమ్మీ. ఖనిల ఇన్నేండ్లు పొద్దున లేస్తె నాకు అన్నీ తెలుసు. నల్లా కాడ లైను, బొగ్గు పొయ్యి, సైరను.

నేను లేకపోతె ఆ రెండర్రల్ల మీకు మెసిలేటందుకు జాగ దొరుకుతది. లస్మి గూడ జర ఊపిరి తీసుకుంటది. అదొకటి మంచిగైంది.

పిల్లలను అడిగినట్టు చెప్పు.

సారక్క

—

గోదావరిఖని
29-11-1967

అక్కా,

నీ రెండో ఉత్తరం చదివినంక నీ కోపం ఏందో నాకు సమజైంది. లస్మి ఊపిరి తీసుకుంటదని రాసినవు. అంటె ఆమె నిన్ను ఏదో అన్నది, నువ్వు నోరు మూసుకొని ఓర్సుకున్నవు, ఇగ ఓర్వలేక నీళ్ల మీద పడ్డవు. నేను బొగ్గుల ఉండి వచ్చి తిని పండుకుంట, ఇంట్ల ఏమైతున్నదో నాకు తెల్వది.

ఆ ఉత్తరం ఆమె ముంగట పెట్టి అడిగిన. ఏమన్లేదన్నది. అనకపోతె అక్క ఎందుకు రాస్తదన్న. ఏడ్చింది. నేను ఇంకా గట్టిగ అడిగిన. పొద్దున నేను షిఫ్టు దిగి వచ్చేసరికి పిల్లలను తీస్కొని వాళ్ల అవ్వగారింటికి పోయింది. పొయ్యి సల్లారి ఉన్నది. మేక ఇయ్యాల ఈనింది, చూసేటందుకు ఇంట్ల ఎవ్వరు లేరు. పోశం పెండ్లామే వచ్చి చూసింది.

బండల కాడ నవ్విన్నని రాసినవు. అది చదివినంక నేను బాయిలకు దిగితె చెయ్యి పనిల ఉంటలేదు. నిన్న కప్పు కింద నిలవడి నీ గురించే ఆలోచిస్తుంటె మా పని చూసే సర్దార్ నా రెక్క పట్టి ఎనుకకు గుంజిండు. నేను నిలవడ్డ కాడ బండ పెళ్ల పడ్డది. ఎవ్వరికేం కాలే. నీకు చెప్పాల్నో వద్దో అనుకొని చెప్తున్న.

లస్మి ఏమన్నదో సాఫ్ రాయి. ఏదన్న ఉంటె ఆమెతోని నేను మాట్లాడుత. నువ్వు మాత్రం భద్రాచలంల దిగు.

నర్సింగం

—

భద్రాచలం
3-12-1967

తమ్మీ,

నీ రెండుత్తరాలు ఒక్కతాపనే దొరికినయి. పోస్టాఫీసు గద్దె మీద కూసొని రెండు తాపలు చదివిన.

లస్మి నన్ను ఒక్క మాట అనలే. మీ బావ దవాఖానల ఉన్నన్ని దినాలు నాకు సద్ది మోసింది ఎవరు? రెండర్రల్ల ఏడుగురం ఉంటున్నం, నేను ఒక్కదాన్ని తగ్గితె ఆమెకు మెసిలేటందుకు సులువైతదని రాసిన. అంతే. నేను రాసిన నాలుగు అక్షరాలల్ల నువ్వు గింత చదువుకుంటె నేనేం చెయ్యాలె. జల్ది పోయి ఆమెను తోల్కరా. ఇంటికి తెచ్చినంక నాకు రాయి.

పోశం పెండ్లాం బట్టి మేక బతికింది. ఆమెకు నేను చెయ్యెత్తి మొక్కిన్నని చెప్పు. నువ్వు కప్పు కింద నిలవడి నన్ను తల్సుడు మాను. తల్సుకోవాల్నంటె ఇంటికొచ్చి తల్సుకో.

ఎందుకు ఎక్కినవని అడిగినవు. చెప్పేటందుకు ప్రయత్నం చేస్త.

బాపు పోయిన దినం నువ్వు ఒడ్డు మీద ఉన్నవు. నేను పడవల ఉన్న. నువ్వు చూసింది పడవ తిరగబడుడు. దానికి ముందటిది నువ్వు చూడలే. నడి ఏట్లకు వచ్చినంక బాపు నా చేతికి గడె ఇచ్చిండు. "నువ్వే నడుపు" అన్నడు. నేను నొక్కిన, పడవ కదిలింది. గంత పెద్ద పడవ నా చేతికి కదిలింది. బాపు నా ఎనుక నిలవడి నవ్వుతున్నడు. ఆ తర్వాతనే వరద తాకింది. బాపు పోయినంక ఆ సంబురం ఎవ్వరికి చెప్పాలె? చెప్తె పాపమనుకున్న. అవ్వ నన్ను మల్ల నీళ్లకు గూడ పంపలే. పెండ్లి చేసింది, బొగ్గుబాయిల కాడికి వచ్చిన. ఇన్నేండ్లు ఆ ఏరు తలపుకొస్తె బాపు మునుగుడే యాదికొచ్చింది. కాళేశ్వరంల తెప్ప చూసినప్పుడు ఒక్కసారి ఆయన నవ్వుడు యాదికొచ్చింది. నేను ఏరు మీద చచ్చేటందుకు ఎక్కలే తమ్మీ.

దిగుమన్నవు. దిగుదామనే సంచి సదురుకున్న. మల్లక్క నా చెయ్యి పట్టుకొని ముందటి దారి చెప్పింది. కింద కొండలు దగ్గరికి వస్తయట, ఏరు సన్నగై కొండల నడుమకెల్లి పోతదట. చిన్ననాడు నీకు చెప్పేదాన్ని గద, ఏరు ఏడికి పోతదో ఎవ్వరికి తెల్వదని. నేను సంచి మల్ల గుడిసెల పెట్టిన. రేపు పొద్దున పోతున్నం.

రాజమండ్రిల ఒడ్డు మీద వెదురు డిపో ఉన్నది. అక్కడికి రాయి, మొగిలి పేరు మీదనే. లోపట ఏముందో నీకు సాఫ్ చెప్పిన. ఇగ కోపం చెయ్యకు.

సారక్క

—

గోదావరిఖని
10-12-1967

అక్కా,

మన లైన్ల గట్టయ్య కొత్తగూడెం నుంచి వచ్చిండు. భద్రాచలం కింద కొండల కాడ వెదురు తెప్ప ఒకటి పగిలిందని, ఆడోళ్లు గూడ కొట్టుకపోయిన్రని బస్సుల చెప్పుకుంటున్నరట. ఎవరి తెప్పో ఆయనకు తెల్వది.

సెలవు అడిగిన. పనోళ్లు తక్కువున్నరు, ఇప్పుడు ఇయ్యరాదన్నరు. ఇయ్యకున్నా పోతున్న అని చెప్పి వచ్చిన. లస్మిని తోల్కరాలే. పోయి ఏం మొకం చూపియ్యాలె.

ఈ ఉత్తరం డిపోల నువ్వు చూస్తె అక్కడనే ఉండు. కదలకు. నేను రైలుకు పోతున్న.

నర్సింగం

—

కూనవరం
14-12-1967

అక్కా,

ఈ కాయిదం నీకు అందుతదో లేదో, నువ్వు ఉన్నవో లేవో. అయినా రాస్తున్న.

భద్రాచలంల అడిగిన. పగిలింది మొగిలి తెప్పనే అన్నరు. మనుషుల గురించి ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్పిన్రు. ఇక్కడికొచ్చి లాంచి మనిషిని అడిగిన, ఒడ్డు ఒడ్డుకు ఆపుకుంట తీస్కపోతవా అని. లాంచి గట్ల ఆగదన్నడు. రేవుల కాడనే ఆగుతదట. నువ్వు రేవు కాడ ఉంటె నాకు గీ బాధ ఎందుకు? ఏ ఇసుకల ఉన్నవో, ఏ చెట్టుకు పట్టుకున్నవో. ప్రతి ఒడ్డు చూడాల్నంటె తెప్పనే మెల్లగ పోతది. ఇక్కడ ఒక తెప్ప ఆగి ఉన్నది. ఆళ్లకు మొగిలి తెలుసు. ఎక్కుమన్నరు.

ఇద్దరు రెక్కలు పట్టి ఎక్కించిన్రు. బొంగుల సందులకెల్లి నీళ్లు కనపడ్తున్నయి. మధ్యల కూసొని రెండు చేతుల తాడు పట్టుకొని కండ్లు మూసుకున్న. ఇగ దూకి ఒడ్డుకు పోదమనుకున్న, దూకాల్నన్నా నీళ్లల్లనే దూకాలె. కండ్లు మూసుకుంటె నువ్వు ఏ ఒడ్డుకు ఉన్నవో ఎట్ల కనపడ్తవు? తెరిచిన.

రేపు తెల్లారంగ తెప్ప విప్పుతరు. ఇయ్యాల నేర్చుకొమ్మని కట్టేసిన తెప్ప మీదనే నడిపించిన్రు. పోరగాడు నడక నేర్చుకున్నట్టు.

ఎవరికి మొక్కాల్నో తెల్వక బాపుకు మొక్కిన.

నీ తమ్ముడు నర్సింగం

—

గోదావరిఖని
14-12-1967

తమ్మీ,

నేను నిన్న ఇంటికొచ్చిన. నువ్వు లేవు.

తలుపుకు తాళం చూసి డ్యూటీల ఉన్నవనుకున్న. నువ్వు నన్ను వెతుక్కుంట పోయినవని పోశం వచ్చి చెప్పిండు. బతికే ఉన్ననని రాజమండ్రిల టెలిగ్రాం తార్ ఇచ్చిన, అది నువ్వు పోయిన మరునాడు వచ్చిందట. పోశం ఇంట్ల దీపం కింద పెట్టి ఉన్నది. చదివినోళ్లందరు ఏడ్చిన్రు గని చదవాల్సినోనివి నువ్వు లేకపోతివి.

ఏం జరిగిందో చెప్త. కొండలు దగ్గరికొచ్చే కాడ సుడిల తెప్ప అడ్డం తిరిగి బండకు తాకింది. కట్టలు తెగినయి. నాకు యాది ఉన్నది ఒక్కటే, ఒక కట్ట నా చంకల ఉన్నది, నేను ఇడవలే. ఇసుక మీదికి నెట్టింది. కోయోళ్లు మమ్ముల గుంజి మంట పెట్టి జావ పోసిన్రు. మొగిలి చెయ్యి ఇరిగింది. మల్లక్క ఆయన కాడ ఉండిపోయింది. కడమోళ్లు అందరు బతికిన్రు. నన్ను లాంచి ఎక్కించి రాజమండ్రికి పంపిన్రు. లాంచిల కూసొని ఆ కొండల నడుమకెల్లి వచ్చిన. వణుకుకుంటనే చూసిన, గని చూసిన.

లస్మిని నేనే పోయి తోల్కొచ్చిన. నన్ను చూసి తలుపు పట్టుకొని నిలవడ్డది. తర్వాత ఆమె నా అరచేతులు చూసి "ఇవేంది?" అన్నది. ఇప్పుడు పొయ్యి కాడ ఉన్నది. ఊకె తలుపు దిక్కు చూస్తున్నది. నువ్వు నీళ్లకు ఎంత బుగులు పడ్తవో ఆమెకు తెలుసు. ఆఫీసుకు పోయి అడిగిన, నీ మీద కాయిదం తయారైతున్నదట, వచ్చి జవాబు చెప్పుకోవాల్నట.

తెప్ప ఎక్కకు. నేను చెప్పుడు చిత్రంగ ఉంటది గని చెప్తున్న, తెప్ప మాత్రం ఎక్కకు. ఆ సుడి నేను చూసిన. రోడ్డు మీదనే ఉండు, ఉత్తరం దొరికిన కాన్నుంచే ఎనుకకు తిరుగు. డిపోకు రాస్తున్న, ఇంకో అడ్రసు నాకు తెల్వది.

సారక్క

—

రాజమండ్రి
20-12-1967

అక్కా,

డిపోల మూడుత్తరాలు నా చేతుల పెట్టిన్రు. రెండు నేను నీకు రాసినయే. మూడోది నీది. నీది చదివిన. తెప్ప ఎక్కకని రాసినవు, దిగి వచ్చి చదివిన.

లస్మి ఇంటికొచ్చిందని చదివినంక నాకు సగం పానం వచ్చింది. ఆమెను నేను అన్న మాటలు ఆమె ముంగటనే వాపసు తీసుకుంట. ఉత్తరంల తీసుకుంటె సరిపోదు. ఆఫీసోళ్లు జీతం కోసినా, కొన్నొద్దులు పక్కకు పెట్టినా ఓర్సుకుంట. సెలవు ఇయ్యకున్నా పోయిన మాట నిజం.

ఇగ ఒక ముచ్చట. ఇది ఇంట్ల నిమ్మలంగ చెప్దామనుకున్న, గని రైల్ల రెండు దినాలు దీన్ని మోసుడు నాతోని కాదు.

తెప్ప విప్పినంక మొదటి దినం నేను ఒడ్డులే చూసిన. ఎర్ర చీర ఏదన్న, గుడ్డ ఏదన్న. కొంగను చూసి రెండు తాపల నువ్వనుకున్న. మధ్యానం దాక తాడు ఇడవలే. తర్వాత ఎప్పుడో చూసుకుంటె తాడు పక్కన ఉన్నది, నేను గడె పట్టుకొని ఉన్న. ఎవరిచ్చిన్రో, ఎప్పుడు పట్టుకున్ననో. ఇరవై ఏండ్లు కప్పు కింద వంగి నడిచినోన్ని. తల పైకెత్తితె ఏం తాకలే. ఆ దినం ఎన్ని తాపల తల పైకెత్తిన్నో.

మరునాడు కోయోళ్ల పల్లె కాడ ఆగినం. ఒక ముసలాయన చేతికి బద్దలు కట్టుకొని ఒడ్డుకు వచ్చిండు. మొగిలి. ఆయన ఎనుక మల్లక్క. నేను ఎవరో చెప్పకముందే ఆమె నా మొకం చూసి, "మీ అక్క మంచిగ ఉన్నది. లాంచిల పంపినం. ఈ పాటికి ఇల్లు చేరి ఉంటది" అన్నది. నేను ఇసుకల కూసొని ఏడ్చిన. ఆమె నీళ్లు తెచ్చి మొకం కడిగింది. బువ్వ పెట్టింది. మొగిలి ఇప్పటికి చెయ్యి లేపలేడు గని నీ గురించి చెప్పుకుంట నవ్విండు. బండల కాడ తెప్ప మీద ఉన్నోళ్లందరికంటె నువ్వే గట్టిగ మొత్తుకున్నవట.

ఆ పగలే పైకి పోయే లాంచి వచ్చింది. పల్లెటోళ్లు గుడ్డ ఊపి ఆపిన్రు. ఎక్కేటందుకు పలక ఏసిన్రు. ఎక్కితె ఆ పొద్దుకు కూనవరం, మరునాడు రైలు. ఇంటికి పోయేది, నిన్ను చూసేది, లస్మి కాడికి పోయేది. అవన్నీ నాకు తెలుసు. నా కాలు పలక మీదనే ఉన్నది. ఎనుకకు తిరిగి చూసిన. తెప్ప విప్పుతున్నరు. దాని ముంగట రెండు కొండలు దగ్గరికి వచ్చినయి, ఏరు ఆ సందుల మలుపు తిరిగింది. మలుపు అవతల ఏమున్నదో కనపడ్తలేదు.

లాంచి మనిషి, "వస్తవా, రావా? పొద్దుపోతున్నది" అన్నడు.

నువ్వు బతికి ఉన్నవని తెలుసు అక్కా. ఎవ్వరి కోసం పోవాల్సిన పని లేదు. ఇంట్ల నా కోసం మీరు ఆగమైతుంటరని గూడ తెలుసు.

"మీరు పోండ్రి" అన్న.

పలక తీసిన్రు. లాంచి పోయింది. నేను ఉరికి తెప్ప ఎక్కిన, ఈ తాప ఎవ్వరు రెక్క పట్టలే.

రేపటి బండికి వస్త. లైన్ల ఎవ్వరడిగినా నిన్ను వెతికేటందుకు పోయిన్నని చెప్పు, అది అబద్ధం కాదు. ఈ లాంచి ముచ్చట మాత్రం లస్మికి నువ్వు చెప్పకు. నేనే చెప్పాలె.

నీ తమ్ముడు
నర్సింగం